ఒకపక్క ఎంపీ టికెట్ మాట, ఇంకోపక్క సీనియర్ గారి ఆఫీసు

"అక్కా, పేరు వేయొద్దు, ఊరు అసలే వేయొద్దు" అంటూ ఒక అడ్వకేటు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 39 ఏళ్ళు. ఆంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో పద్నాలుగేళ్ళ ప్రాక్టీసు. ఎక్కువగా పార్టిషన్ సూట్లు (ఆస్తి పంపకాల కేసులు), మెయింటెనెన్స్ కేసులు, యాక్సిడెంట్ క్లెయిములు. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థకు ప్యానెల్ లాయరు (ఆ సంస్థ కేసులు వాదించే లాయర్ల జాబితాలో మనిషి) కూడా. భర్త ప్రభుత్వ టీచరు, కూతురు తొమ్మిదో తరగతి. 2021 మున్సిపల్ ఎన్నికల్లో వాళ్ళ వార్డు మహిళలకు రిజర్వ్ అయితే పార్టీవాళ్ళు వచ్చి "పేరు మీది, పని మేం చూసుకుంటాం" అని నిలబెట్టారట. గెలిచాక పని కూడా ఈమే చూసుకోవడం మొదలుపెట్టింది, అది చాలామందికి నచ్చలేదు. కౌన్సిల్ మీటింగుల్లో టెండరు కాగితాలు చదివి ప్రశ్నలు అడిగింది, ఒక కాలనీకి మంచినీళ్ళ పైపులైను కోసం మూడేళ్ళు తిరిగి వేయించింది, ఆ గొడవలోనే రోడ్డు మీద ధర్నా చేసినందుకు ఆమె మీద ఒక కేసు కూడా పెట్టారు, అది ఇంకా నడుస్తోంది. పదవీకాలం అయిపోయింది, పేరు మాత్రం ఊళ్ళో నిలిచింది.

ఇప్పుడు పార్టీ జిల్లా అధ్యక్షుడు పిలిచి "2029కి మీరే మా ఎంపీ కేండిడేటు, ఇప్పటి నుంచే తిరగండి" అన్నాడట. చదువుకున్న మహిళ, చెడ్డపేరు లేదు, కులం లెక్క కూడా సరిపోయింది, పోయినసారి నిలబడినాయన వేరే పార్టీలోకి వెళ్ళిపోయాడు. "ప్రకాశం పంతులు, పటేలు అందరూ లాయర్లే, అందరూ మున్సిపాలిటీ నుంచే ఢిల్లీ వెళ్ళారు" అని ఊరించి, చివర్లో "కొంత ఫండు మాత్రం మీరు సర్దుకోవాలి" అన్నాడట. అత్తగారు తన పేరున ఉన్న రెండెకరాలు అమ్మేద్దామంటోంది. భర్త "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. ఊళ్ళో అదే పార్టీ ఎమ్మెల్యేకి ఈమె ఎదగడం బొత్తిగా ఇష్టం లేదు. వీటన్నిటికీ తోడు, డెబ్భై దాటిన సీనియర్ లాయరు గారు ఈ ఏడాదే ప్రాక్టీసు మానేస్తున్నారు. ఆఫీసు, లైబ్రరీ, గుమస్తా, నడుస్తున్న కేసులు మొత్తం ఈమెకే అప్పగిస్తానన్నారు, కానీ ఒక షరతు: "రాజకీయం వదిలేస్తేనే. ఎంపీ అయితే నల్లకోటు ఎలాగూ విప్పేయాలి, అలాంటప్పుడు నా క్లయింట్లను నీకు అప్పజెప్పి ఏం లాభం?"

"ఏది వదులుకుంటే తర్వాత ఏడవకుండా ఉంటాను అక్కా?" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు రెండు దారులే కనిపించాయి, మీరు అలాగే రాశారు కాబట్టి. మళ్ళీ చదివితే అర్థమైందేమిటంటే, ఆ రెండు దారులనూ వేరేవాళ్ళే గీసి మీ ముందు పెట్టారు. అధ్యక్షుడు తనకున్న ఖాళీని బట్టి ఒకటి గీశాడు. సీనియర్ గారు తన వయసును బట్టి, భయాన్ని బట్టి ఇంకోటి గీశారు. నిజంగా మీ ముందున్నవి ఆ రెండే కావు. ముందు మీ చుట్టూ తిరుగుతున్న కొన్ని తప్పుడు మాటలు తీసేద్దాం, తర్వాత దారుల సంగతి చూద్దాం.

నల్లకోటు మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ సీనియర్ గారి షరతు మొత్తం దాని మీదే నిలబడింది. ఎంపీ అయితే ప్రాక్టీసు చేయకూడదన్నది నిజం కాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కోర్టుల్లో వాదించకుండా ఆపాలని అశ్వినీ కుమార్ ఉపాధ్యాయ్ అనే న్యాయవాది వేసిన పిటిషన్‌ను 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బార్ కౌన్సిల్ రూల్ 49 అడ్డుపడేది పూర్తికాలం జీతానికి పనిచేసే ఉద్యోగులకు, చట్టసభ సభ్యుడు ఎవరి దగ్గరా ఉద్యోగి కాడు కాబట్టి అది వర్తించదని చెప్పింది. ఇది మీ సీనియర్ గారికి తెలియక కాదనుకుంటాను. ఆయన చెప్పదలచుకున్నది చట్టం కాదు, వాయిదాల సంగతి. పార్లమెంటు నడుస్తున్న రోజుల్లో మీరు ఢిల్లీలో ఉంటారు, ఇక్కడ మీ పార్టిషన్ సూట్లో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌కి వస్తాడు, జూనియరు వెళ్ళి వాయిదా అడుగుతాడు, రెండు మూడుసార్లు అలా జరిగాక క్లయింటు వచ్చి "మేడమ్, నో అబ్జెక్షన్ ఇచ్చేయండి, వేరే లాయరుని పెట్టుకుంటాం" అంటాడు. ఆయన భయం అదే, అందులో నిజం ఉంది. కానీ దానికి సమాధానం "రాజకీయం వదిలెయ్" ఒక్కటే కానక్కర్లేదు, కిందకి వస్తాను.

పట్నంలో పార్టీ ముద్ర పడిన లాయరుకి వేరే ఇబ్బందీ ఉంటుంది, అది మీకు ఇప్పటికే తెలుసు. కౌన్సిలర్ అయ్యాక అవతలి పార్టీ ఇళ్ళ నుంచి కేసులు రావడం తగ్గిందని మీరే రాశారు. కౌన్సిలర్ స్థాయిలో అది తగ్గడమైతే, ఎంపీ కేండిడేట్ అయ్యాక దాదాపు ఆగిపోతుంది, మీరు గెలిచినా ఓడినా సరే. ఓడితే ఇంకా నష్టం, ఎందుకంటే పదవీ ఉండదు, అవతలివాళ్ళూ రారు.

ఇక ప్రకాశం పంతులు గారి కథ. మీ అధ్యక్షుడు చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పాడు. ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉంటూ అక్కడి మున్సిపల్ చైర్మన్ అయ్యారు, గత శతాబ్దం మొదట్లోనే. కానీ అక్కడి నుంచి ఆయన వెళ్ళింది ఢిల్లీకి కాదు, ఇంగ్లండుకి. బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ఏళ్ళ తరబడి ప్రాక్టీసు చేసి, దండిగా సంపాదించి, అప్పుడు 1921లో ఆ ప్రాక్టీసు వదిలి 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీకి ఎన్నికైంది 1926లో. చైర్మన్ గిరీకి, ఢిల్లీకి మధ్య ఇరవై ఏళ్ళ పైమాటే. పటేల్ గారిదీ అలాంటి లెక్కే. అహ్మదాబాద్ మున్సిపాలిటీలో 1917లో సభ్యుడు, 1924లో అధ్యక్షుడు, ఢిల్లీ ప్రభుత్వంలోకి 1946లో. 1917లోనే సేలం మున్సిపల్ చైర్మన్ అయిన రాజాజీ కూడా ఢిల్లీ ప్రభుత్వంలో చేరింది 1946లోనే. ముగ్గురూ ప్రాక్టీసు బాగా నడుస్తున్నప్పుడు తమంతట తామే వదిలారు. మూడో రోజు నామినేషన్లు ముగుస్తాయనగా ఎవరో వచ్చి బీఫారం చేతిలో పెడితే వెళ్ళినవాళ్ళు కాదు. వాళ్ళ కథ నుంచి మీరు ఏమైనా తీసుకోవాలంటే ఇది తీసుకోండి: ఊరి రాజకీయానికీ ఢిల్లీకీ మధ్య వాళ్ళు తమ వృత్తిని పెద్దది చేసుకున్నారు. సగం కట్టిన ప్రాక్టీసును వదిలి వెళ్ళలేదు.

బీఫారం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. "2029కి మీరే" అన్న మాటకి విలువ ఎంత? పార్టీ ఎవరిని నిలబెట్టిందో ఎన్నికల అధికారికి తెలిపే ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు అందితే చాలు. అంతవరకూ మీరు ఎన్నేళ్ళు తిరిగినా, ఎన్ని ఫ్లెక్సీలు కట్టినా, చట్టం దృష్టిలో మీరు కేండిడేటు కారు. ముందు ఒకరికిచ్చిన బీఫారం రద్దు చేసి ఆ గడువులోపే ఇంకొకరికి ఇవ్వొచ్చు కూడా. ఇలా చివరి గంటలో పేరు మారిపోయినవాళ్ళు మన జిల్లాల్లో తక్కువేం లేరు. జిల్లా అధ్యక్షుడు టికెట్ ఇచ్చే మనిషి కూడా కాదు, పైవాళ్ళకి పేర్లు పంపే మనిషి. ఎన్నికల ముందు డబ్బున్న ఒక కాంట్రాక్టరో, విదేశాల నుంచి దిగిన ఒకాయనో వస్తే ఈ మాట ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మహిళా రిజర్వేషన్ వస్తుంది కాబట్టి సీటు మీకే ఖాయం అన్నాడని కూడా రాశారు. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో మూడో వంతు సీట్లు మహిళలకు అని చెప్పింది, మన 25లో అది ఎనిమిది సీట్ల మాట. ఏ ఎనిమిది అన్నది మాత్రం జిల్లా అధ్యక్షుడి చేతిలో ఉండదు. దాన్ని నమ్ముకుని పొలం అమ్మొద్దు.

ఇప్పుడు డబ్బు. మీరు ఉత్తరంలో దీని గురించి నాలుగు లైన్లే రాశారు, నాకైతే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే కనిపిస్తోంది. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 2022లో 95 లక్షలు చేశారు. ఆ లెక్క నామినేషన్ రోజు నుంచి ఫలితం వచ్చేదాకా పెట్టిన ఖర్చుకి. అంటే ఇప్పటి నుంచి అప్పటిదాకా మీరు తిరిగే తిరుగుడు, పెళ్ళిళ్ళకి చదివింపులు, చావులకి సాయాలు, గుడి జాతరలకి చందాలు, కార్యకర్తల కార్లకి డీజిలు, ఇవేవీ ఏ లెక్కలోనూ ఉండవు, పోయేది మాత్రం మీ ఇంట్లోంచే. ఇంకో సంగతి, మన దగ్గర అసెంబ్లీకీ లోక్‌సభకీ ఓట్లు ఒకేసారి పడతాయి, ఒక్కో ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి. ఆ ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులూ ఎంపీ అభ్యర్థి వైపే చూస్తారు, "పైసలు ఎంపీ గారు పంపుతారు" అని. "కొంత ఫండు" అంటే ఎంత, ఎవరి చేతికి, ఏ ఖాతాలోకి అని మీరు అడిగారా? ఉత్తరంలో లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. అడగండి. సమాధానం చెప్పకుండా నవ్వితే, ఆ నవ్వే సమాధానం అనుకోండి.

అత్తగారి రెండెకరాల గురించి మీకు నేను చెప్పడం ఏమిటి, రోజూ పార్టిషన్ సూట్లు చూసేది మీరే. ఆమె పేరున ఉంది, ఆమె ఇష్టపడి ఇస్తోంది, బాగానే ఉంది. మీ ఆడపడుచు ఏమంటోంది? ఓడిపోయిన ఏడాది తర్వాత ఏమంటుంది? పొలం అమ్మితే రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక విలువ, చేతికి వచ్చేది ఇంకో విలువ ఉంటుంది కదా, ఆ తేడా డబ్బుని మీరు ఎన్నికల ఖాతాలో ఎలా చూపిస్తారు? అభ్యర్థి ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ళ దాకా అనర్హత వేటు పడొచ్చు. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో మీవే కాదు, మీ భర్త ఆస్తులు, అప్పులు, ఇద్దరి ఐదేళ్ళ ఆదాయం, ఆ ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయాలి. అందులో అబద్ధం రాస్తే ఆరు నెలల వరకు జైలు. మామూలు అభ్యర్థి సంతకం పెట్టి మర్చిపోతాడు. మీరు లాయరు, "నాకు తెలియదు" అనే సౌకర్యం మీకు లేదు. నా ఉద్దేశం సూటిగా చెప్పేస్తాను: టికెట్ తీసుకున్నా సరే, పొలం మాత్రం అమ్మొద్దు. మిగతా అన్నిటిలో ఇటూ అటూ ఉంది, దీంట్లో నాకు అనుమానం లేదు.

ధర్నా కేసు గురించి టెన్షన్ పడుతున్నారు, అంత అక్కర్లేదు. కేసు పెండింగులో ఉంటే పోటీకి అడ్డు కాదు. మామూలుగా రెండేళ్ళు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడితేనే అనర్హత. కాకపోతే అఫిడవిట్‌లో రాయాలి, ప్రచారం జరిగే రోజుల్లో పేపర్లోనూ టీవీలోనూ మూడుసార్లు ప్రకటించాలి. నీళ్ళ కోసం చేసిన ధర్నా అని జనానికి తెలిస్తే అది మీకు నష్టమేమీ కాదు.

ప్యానెల్ లాయరు పని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అక్కడ నిజంగానే ప్రమాదం ఉంది. రాజ్యాంగం 102వ అధికరణం కింద ప్రభుత్వంలో లాభదాయక పదవి ఉన్నవాళ్ళు ఎంపీ కావడానికి అనర్హులు, సమస్య అదే. 1969లో మహదేవ్ వర్సెస్ శాంతిభాయ్ కేసులో రైల్వే ప్యానెల్ మీద ఉన్న న్యాయవాదిది లాభదాయక పదవే అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కాంతా కతూరియా కేసులో, ఒకే ఒక్క వ్యవహారం కోసం నియమించిన ప్రత్యేక ప్రభుత్వ న్యాయవాదిది అలాంటి పదవి కాదంది. అంటే మీ నియామకపు కాగితంలో షరతులు ఏమున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది, నామినేషన్ల పరిశీలన (స్క్రూటినీ) రోజున అవతలి పార్టీ లాయరు ఆ కాగితం పట్టుకుని లేచి నిలబడతాడు. పోటీకి వెళ్తే నామినేషన్‌కి చాలా ముందే రాజీనామా ఇచ్చి, దాన్ని ఆమోదించిన ఉత్తరం చేతిలోకి తీసుకోండి. రాజీనామా పంపాను అనడం చాలదు.

మీ భర్త గురించి. "నీ ఇష్టం" అన్నాడని మీరు కోపంగా రాశారు. ఆయన టీచరు. మీ తరఫున ప్రచారానికి రాలేడు. పోలింగ్ ఏజెంటుగానో కౌంటింగ్ ఏజెంటుగానో కూర్చోలేడు, ప్రభుత్వ ఉద్యోగి అలా కూర్చుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద మూడు నెలల వరకు జైలు ఉంది. మీరు ఒక పార్టీ కేండిడేటు అయ్యాక అవతలి పార్టీ ప్రభుత్వం ఉంటే ఏ మారుమూల స్కూలుకి పంపిస్తారో అన్న భయం ఆయనకి ఉంటుంది, బయటికి చెబితే పిరికివాడంటారని చెప్పడు. మీ భార్యాభర్తల సంగతి నాకు పూర్తిగా తెలియదు, కానీ ఆ మాటని ఒప్పుకోలుగానో అడ్డుచెప్పడంగానో లెక్కపెట్టేసుకోకుండా ఒక రోజు కూర్చుని ఈ రెండు విషయాలూ మీరే ముందు ఎత్తండి. ఆయనకి మాట్లాడటం తేలికవుతుంది. కూతురి చదువు కూడా అదే రోజు మాట్లాడండి, 2029 నాటికి అమ్మాయి ఇంటర్ దాటే వయసు, ఆ రెండు మూడేళ్ళు ఇంట్లో ఎవరుంటారన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇన్ని చెప్పాక అసలు అడగాల్సింది అడుగుతాను. మీకు ఎంపీ పని కావాలా, ఎంపీ పదవి కావాలా? మీ ఉత్తరంలో మీరు ఉత్సాహంగా రాసిన పేరా ఒక్కటే ఉంది, పైపులైనులో నీళ్ళొచ్చిన రోజు గురించి. ఎంపీకి పైపులైను మీద అధికారం లేదు. ఏడాదికి 5 కోట్ల ఎంపీల్యాడ్స్ (నియోజకవర్గ అభివృద్ధి) నిధులుంటాయి, ఏడు నియోజకవర్గాలకి పంచితే ఒక్కోదానికి 71 లక్షలు, అవి కూడా మీరు సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. పదిహేను పదహారు లక్షల ఓటర్లలో మీ ముఖం ఎరిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఢిల్లీలో పని కాగితాల మీద ఉంటుంది: బిల్లులు, ప్రశ్నలు, స్థాయీ సంఘాలు (బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీలు). అందులోనూ హద్దులున్నాయి. విప్ (ఇలా ఓటేయమని పార్టీ ఆదేశం) జారీ అయితే పార్టీ చెప్పినట్టే ఓటేయాలి, లేదంటే రాజ్యాంగం 10వ షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద సభ్యత్వమే పోవచ్చు. సొంతంగా ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టుకోవచ్చు, కానీ అలాంటి బిల్లు చట్టంగా మారింది చివరిసారి 1970లో. టెండరు కాగితాలు చదివి కౌన్సిల్లో ఎదురు ప్రశ్నలేసిన మనిషికి అక్కడ ఊపిరాడకపోవచ్చు. అదే మనిషికి స్థాయీ సంఘంలో కూర్చుని ఒక బిల్లుని క్లాజు క్లాజుగా చదవడం అద్భుతంగా నచ్చొచ్చు కూడా, లాయరు బుర్ర నిజంగా పనికొచ్చే చోటు అది. మీరు ఏ రకమో నాకు తెలియదు, మీకు తెలుసు. ఖర్చు లేకుండా తెలుసుకునే మార్గం ఉంది: పార్లమెంటు సమావేశాలు టీవీలో వస్తాయి, స్థాయీ సంఘాల రిపోర్టులు పార్లమెంటు వెబ్‌సైట్లో దొరుకుతాయి. మీ ప్యానెల్ సంస్థకి సంబంధించిన శాఖ రిపోర్టు ఒకటి తీసి చదవండి. సగంలో నిద్రొచ్చిందా, పెన్సిల్ తీసుకుని పక్కన రాసుకున్నారా చూసుకోండి.

ఇక దారులు.

టికెట్‌కి సరే అనడం మొదటిది. అప్పుడు పైన చెప్పినవన్నీ ఇప్పుడే సర్దుకోవాలి. ఫండు సంగతి తేల్చుకోవాలి, మాట జిల్లా అధ్యక్షుడి నుంచి కాకుండా రాష్ట్ర స్థాయిలో ఎవరి నోటి నుంచైనా వినాలి. మీ ఊరి ఎమ్మెల్యేతో ఏదో ఒక ఒప్పందానికి రావాలి, ఎందుకంటే ఏడుగురిలో ఒకడు "మా ఓటు మాకు వేయండి, ఎంపీ ఓటు మీ ఇష్టం" అని చెవిలో ఊదినా క్రాస్ ఓటింగుతో పోతారు. ఓడితే ఏమిటన్నది కూడా ముందే చూసుకోవాలి. పీవీ నరసింహారావు గారంతటి మనిషి 1984లో హనుమకొండలో ఓడిపోయారు, కాకపోతే అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్‌లో గెలిచారు, కాబట్టి లోక్‌సభలో ఉండగలిగారు. కొత్తవాళ్ళకి రెండో సీటు ఎవరూ ఇవ్వరు. గెలిస్తే నెలకి 1.24 లక్షల జీతం, అలవెన్సులు వస్తాయి, మీ ఇప్పటి సంపాదన కంటే అది ఎక్కువో తక్కువో మీరే లెక్కేసుకోండి, అప్పు చేసి వెళ్తే మాత్రం అది వడ్డీకే సరిపోదు.

రెండోది, టికెట్ వద్దని పార్టీలోనే ఉండటం, అయితే చోటు మార్చుకోవడం. లీగల్ సెల్‌లో బాధ్యత అడగండి, రాష్ట్ర స్థాయిలో. ఎన్నికల కేసులు, మున్సిపల్ చట్టం కేసులు పట్టుకుని హైకోర్టుకి వెళ్ళడం మొదలుపెట్టండి. మీకు ఇప్పటికే మున్సిపల్ టెండర్లు, నీటి పథకాలు లోపలి నుంచి తెలుసు, ఆ పరిజ్ఞానం ఉన్న లాయర్లు అమరావతిలో అంత ఎక్కువమంది ఉండరనుకుంటాను. ఇది నెమ్మదైన దారి, ఐదేళ్ళ తర్వాత మీకు ఏ పదవీ రాకపోవచ్చు. వస్తే మాత్రం జిల్లా అధ్యక్షుడి ఖాళీ నింపడానికి రాదు. నాకు ఈ దారి మీద మొగ్గు ఉందని దాచను. రాజ్యసభ గురించి కూడా అడిగారు కదా, ఎమ్మెల్యేలు ఎన్నుకునే సీట్లు అవి, ఆంధ్రకి ఉన్నవి 11, దాన్ని ఇప్పుడు లెక్కలోకి తీసుకోకండి.

మూడోది, ఊళ్ళోనే ఇంకో మెట్టు. మళ్ళీ మున్సిపల్ ఎన్నికలకి నిలబడి చైర్‌పర్సన్ కోసం ప్రయత్నించడం. మీరు మనసుతో చేసే పని అక్కడే ఉంది. కానీ చైర్‌పర్సన్ ఎన్నికలో ఎమ్మెల్యేకి ఎక్స్ అఫీషియో (పదవి వల్ల వచ్చే) ఓటు ఉంటుంది, ఓటు కంటే ముందు కౌన్సిలర్ల టికెట్లే ఆయన చేతుల మీదుగా పోతాయి. మీకు ఎంపీ టికెట్ ఆశ పెట్టి ఊరి రాజకీయం నుంచి పైకి తప్పించాలన్న ఆలోచన ఎవరికైనా ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. నేను అనుమానపు మనిషిని, తప్పయితే మరీ మంచిది.

రాజకీయం పూర్తిగా మానేసి సీనియర్ గారి ఆఫీసు తీసుకోవడం నాలుగోది. తప్పేం లేదు అందులో, గౌరవమైన జీవితం. కాకపోతే ఉత్తరం రాసిన తీరు చూస్తే మీరు రెండేళ్ళకే కిటికీలోంచి మున్సిపల్ ఆఫీసు వైపు చూస్తూ కూర్చుంటారనిపిస్తోంది.

ఇప్పుడు సీనియర్ గారి షరతు సంగతి. దాన్ని ఒప్పుకోవడమా తిరస్కరించడమా అని చూడకండి, బేరం పెట్టండి. ఆయనకి కావలసింది తన క్లయింట్లు అనాథలు కాకూడదు, అంతేగా? అది మీరు ఒక్కరే చూసుకోవాలని ఏమీ లేదు. కోర్టులో నమ్మకస్తుడైన ఇంకో లాయరుతో కలిసి ఆఫీసు తీసుకోండి. రెండు పేర్లతో వకాలత్‌లు వేయించండి, మీరు లేని రోజు క్రాస్ ఆగకుండా. ఎన్నికల బరిలోకి దిగే పరిస్థితి వస్తే ముందే నోటీసు ఇచ్చి, కేసులు ఆ రెండో లాయరుకి అప్పగించి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇస్తానని ఆయనకి మాటివ్వండి. నోటీసు, ఫీజు విషయంలో బార్ కౌన్సిల్ రూల్సు కూడా అదే చెబుతున్నాయి, పెద్దాయన రూల్సు మాటకి మెత్తబడే రకమైతే అలాగే చెప్పండి. ఆఫీసు ఆదాయం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఎన్నికల తర్వాత మీ చేతిలో ఏం మిగులుతుందన్న ప్రశ్నకి అప్పుడు ఒక జవాబు ఉంటుంది. చేతిలో సొంత సంపాదన ఉన్న నాయకురాలితో పార్టీ మాట్లాడే తీరే వేరు, ఐదేళ్ళు కౌన్సిల్లో కూర్చున్నారు, మీరే చూసి ఉంటారు. ఆయన ఆ బేరానికి కూడా ఒప్పుకోకపోతే, ఆఫీసు లేకుండానే మీ పద్నాలుగేళ్ళ క్లయింట్లు మీకున్నారు, లైబ్రరీ పోతుంది, ప్రాక్టీసు పోదు.

అధ్యక్షుడికి ఏం చెప్పాలో కూడా అడిగారు. ఈ వారంలోనే అవునో కాదో చెప్పాలన్న తొందర మీకెందుకు? ఎన్నికలు 2029లో. "పార్టీ పని చేస్తాను, ఏడు నియోజకవర్గాలూ తిరుగుతాను, కానీ నా ఖర్చు నా ప్రయాణాల వరకే. ఫండు నా దగ్గర లేదు, ఆస్తులు అమ్మను. ఇది తెలిసి కూడా నా పేరు పైకి పంపుతానంటే పంపండి" అని నలుగురి ముందు కాకుండా ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పండి. దాంతో ఆయన ఫోన్లు ఆగిపోతే మీ సీటు పోలేదు, ఆయనకి కావలసింది ఫండు అని తేలింది. ఆగకపోతే అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయండి, ఈసారి ఆ నియామకపు కాగితంలో షరతులు ఏమున్నాయో కూడా రాయండి, దాని గురించి ఇంకాస్త వివరంగా మాట్లాడుకుందాం.